కొత్త చెవులకి కర్ణాటక సంగీతం: ఇరవై అనుకుంటే పదహారు తేలిన డైరీ

ఇదే పని ఇంకెవరైనా పెట్టుకుంటే నేను పడ్డ గోతుల్లో పడకుండా ఉంటారని రాస్తున్నాను. పని చిన్నదే. విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక అవతలికి రోజూ నాతో కారులో వచ్చే ముగ్గురికి, మా అపార్ట్‌మెంట్‌లో కొందరికి కర్ణాటక సంగీతం అలవాటు లేదు. వాళ్లు మొదటిసారి విన్నా విసుగు పుట్టని ఇరవై రికార్డింగులు ఏరాలి. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను, ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని నాది. మా నాన్నగారి క్యాసెట్లు వింటూ పెరిగాను, అంతే. అందుకే దీన్నీ ఒక మెయింటెనెన్స్ జాబ్‌లాగే నడిపాను: కొలువు, మార్చు, మళ్లీ కొలువు.

దశ 1: గొప్పవి ఏరాను, దాదాపు అన్నీ పోయాయి (జూన్)

మొదటి జాబితాలో 12. విద్వాంసులు, రసికులు ఏవి మహా గొప్పవంటారో అవే పెట్టాను. తప్పంతా అక్కడే ఉంది కానీ ఆ సంగతి తెలియడానికి రెండు వారాలు పట్టింది.

కారులో ఎవరూ 'ఆపండి' అనరు, మర్యాద ఉంటుంది కదా. 'బాగుంది సార్' అన్న మాటకి కొలతగా విలువేమీ లేదు. అందుకని వేరే లెక్క పెట్టుకున్నాను: పాట మొదలైన ఎన్నో నిమిషానికి కారులో వేరే కబురు మొదలైందో అది రాసుకోవడం. దానికి 'మాట పడిన నిమిషం' అని పేరు పెట్టాను. కారు నాదే అయినా నడపడం వంతుల వారీగా, కాబట్టి నా వంతు కాని రోజుల్లోనే రాసేవాణ్ణి.

కొన్ని ఫలితాలు:

- తోడి రాగం, ఆలాపనతో (మాటల్లేకుండా రాగాన్ని విస్తరించడం) కలిపి 34 నిమిషాలు. మాట పడింది 2:10కి.
- భైరవిలో రాగం తానం పల్లవి (ముందు చాలాసేపు మాటల్లేకుండా సాగేది), 52 నిమిషాలు. మాట పడింది 3:00కి.
- ఎం.డి. రామనాథన్ గారి విలంబకాలం (బాగా నెమ్మది నడక) కృతి. 1:30కి. 'బ్యాటరీ డౌన్ అయిందా?' అన్నాడు వెనక సీటు కుర్రాడు.
- ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు నుంచి తీసినది. 0:40కి. 'ఎఫ్ఎం సరిగ్గా పట్టట్లేదు, మార్చండి' అన్నారు.

భైరవి సంగతి కొంచెం చెప్పాలి. మూడో నిమిషంలో ఆఫీసు కబుర్లు మొదలైపోయాయి. మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం దాటి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆగినప్పుడు కబుర్లు ఒక్క క్షణం ఆగాయి. మా శ్రీకాకుళం ఆయన అప్పుడు స్పీకర్ వైపు చూసి, 'ఏటండీ గురువుగారూ, పాట ఇంకా మొదలవ్వలేదేటి? ఎన్‌ఏడీ వచ్చేసినాది' అన్నారు. ఆయన వెటకారమేమీ ఆడలేదు, నిజంగానే అడిగారు. ఆయన దృష్టిలో పాట అంటే మాటలు. ఇరవై నిమిషాలుగా ఆయన పాట కోసం ఎదురుచూస్తున్నారు, నేనేమో పాట వినిపిస్తున్నానని అనుకుంటున్నాను.

ద్వారం వారి రికార్డు పోవడం మనసుకి కష్టంగా అనిపించింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పిన మనిషి, ఇక్కడికి అరవై కిలోమీటర్లు. పైగా 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది కాబట్టి కొత్తవాళ్లకి నిడివి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. నిడివి సరిపోయింది కానీ గరగర సరిపోలేదు. ఏసీ శబ్దం, టైర్ల శబ్దం మీద ఆ గరగర కలిస్తే వయొలిన్ దోమ పాటలా వినపడింది.

నిలిచినవి రెండే: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి 'భావయామి గోపాలబాలం', బాలమురళీకృష్ణ గారి 'పలుకే బంగారమాయెనా'. రెండూ పూర్తయ్యేదాకా మాట పడలేదు.

లెక్క: విన్నవి 12, నిలిచినవి 2, ఖర్చు 0.

మార్చింది:

1. ఎనిమిది నిమిషాలు దాటినవి పక్కకి.
2. గొంతు లేదా అసలు పాట 40 సెకన్ల లోపు మొదలవ్వాలి.
3. మాటలు తెలుగైతే ముందు వరస.
4. కారు స్పీకర్ మీద వినకుండా ఏదీ జాబితాలోకి రాకూడదు. ఇంట్లో హెడ్‌ఫోన్‌లో బాగుందన్నది లెక్కలోకి రాదు.

దశ 2: నాన్నగారి క్యాసెట్లు (జూన్ చివర నుంచి జూలై మూడో వారం)

ఈ దశ మీకు అవసరం లేకపోతే దాటేయండి. ఈ రోజుల్లో చాలావరకు రికార్డింగులు నెట్‌లోనే దొరుకుతాయి. కానీ రేడియోలోంచి పట్టుకున్న కొన్ని నాన్నగారి దగ్గరే ఉన్నాయి.

మొత్తం 140 క్యాసెట్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పోయి కింది అర మొత్తం తడిసింది. వాటిలో 61కి టేపు మీద తెల్లటి బూజు. వాటిని డెక్‌లో పెట్టకండి. ఒకటి పెట్టాను, హెడ్‌కి బూజు అంటుకుని తర్వాతి మూడు క్యాసెట్లూ మూగగా వినపడ్డాయి. మిగిలినవి 79. అందులో ఈ పనికి పనికొస్తాయనిపించినవి 23.

డెక్ సంగతి ఇంకా ఘోరం. బీచ్‌కి కిలోమీటరు దూరం కూడా లేని ఇల్లు, ఉప్పుగాలికి వెనక స్క్రూలన్నీ తుప్పు పట్టి తలలు విరిగాయి. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీకి అంటుకుపోయింది. డాబాగార్డెన్స్ వైపు ఒక దుకాణంలో 'ఇదే సైజు' అని ఇచ్చిన బెల్టు బిగుతు ఎక్కువై మోటారు మూలిగింది. మార్చి ఇమ్మంటే ఇవ్వలేదు. రెండో బెల్టు నేనే కొలిచి తెచ్చాను: పుల్లీల చుట్టూ దారం తిప్పి పొడవు కొలిచి, దానికంటే ఓ ఏడెనిమిది శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది.

బెల్టు వేశాక నాన్నగారి కాలం నాటి గొంతు వచ్చింది కానీ ఎక్కడో తేడా. బాలమురళి గారు కుర్రవాడిలా ఉన్నారు. అదే రికార్డింగ్ సీడీ మీద కూడా ఉంది. సీడీలో 8 నిమిషాల 40 సెకన్లు, నా డెక్‌లో 8:10. అంటే ఆరు శాతం వేగం ఎక్కువ. ఆరు శాతమంటే దాదాపు సరిగ్గా ఒక స్వరస్థానం (స్వరాల్లో ఒక మెట్టు) పైకి. రెండు శ్రుతిలో పాడిన మనిషి రెండున్నరలో పాడినట్టు. కొత్తగా వినేవాళ్లకి ఇది తెలియదు, కానీ గొంతు సన్నబడి 'కీచు' అనిపిస్తుంది, కారణం చెప్పలేక ఆపేస్తారు.

సరిచేసిన తీరు:

1. మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో సన్న స్క్రూడ్రైవర్‌కి అందే సర్దుబాటు స్క్రూ ఉంటుంది.
2. గోరంత తిప్పి, పాట మొత్తం నడిపి సమయం చూడాలి. కంగారు పడకూడదు.
3. అయిదోసారికి 8:38 వచ్చింది. అక్కడ వదిలేశాను.
4. హెడ్‌నీ, రబ్బరు రోలర్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్రతి మూడు క్యాసెట్లకీ తుడవాలి.
5. ప్రతి క్యాసెట్‌నీ ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు రికార్డు చేయాలి. ఏళ్ల తరబడి కదలని టేపు అంటుకుని ఉంటుంది.

ఇంకో తప్పు. ఇది మాత్రం తప్పకుండా చదవండి. టేపు హిస్ (సర్‌మనే శబ్దం) తగ్గించడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ వాడాను. దానికి ముందుగా 'ఇదీ చెత్త శబ్దం' అని ఒక ముక్క చూపించాలి. పాట మొదలయ్యే ముందు నాలుగు సెకన్లు చూపించాను, తగ్గింపు 24 డెసిబెల్స్ పెట్టాను. హిస్ మాయమైంది. రాత్రి పదకొండింటికి సంతోషంగా పడుకున్నాను. పొద్దున్న విన్నాక తెలిసింది, తంబురా కూడా మాయమైంది! ఆ నాలుగు సెకన్లలో గాయకుడు లేడు కానీ తంబురా ఉంది. ఆగకుండా ఒకేలా మోగేదాన్ని చెత్త అనుకోవడం ఆ సాఫ్ట్‌వేర్ పని, అది దాని పని చేసింది. గొంతు ఒక్కటే ఎండలో నిలబడినట్టు ఉంది. తొమ్మిది ఫైళ్లు మళ్లీ చేశాను. ఇప్పుడు తంబురా కూడా లేని ఖాళీ టేపు ముక్క దొరికితేనే వాడుతున్నాను, అది కూడా 6 డెసిబెల్స్ లోపు. కొంచెం హిస్ ఉంటే ఉండనీ.

రెండు క్యాసెట్లలో శబ్దం ఎడమ వైపే ఉంది. కారులో కుడి వైపు కూర్చున్నవాళ్లకి ఏమీ వినపడలేదు. మోనోగా మార్చేశాను.

లెక్క: బెల్టులు 120 + 180, ఆల్కహాల్ 220. ఖర్చు 520. జాబితాలో కొత్తగా చేరినది ఏదీ లేదు.

దశ 3: రెండో విడత, మాటల వంతు (జూలై చివర, ఆగస్టు)

కొత్త రూల్స్‌తో 15 ఏరాను. ఏడు నిలిచాయి. అందులో ఒకదాని గురించే ఎక్కువ చెప్తాను, మిగతా పని తీరంతా దాన్నిబట్టే మారింది.

బాలమురళి గారు పాడిన త్యాగరాజు కృతి 'నగుమోము'. మొదటి రోజు మాట పడింది 2:50కి. కొట్టేద్దామనుకున్నాను. కానీ చరణం నాకిష్టం. ఆ రోజు కంచరపాలెం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది, నేను స్టీరింగ్ మీద లేను, పాట ఆపి ఆ రెండు పాదాలు మామూలు మాటల్లా చదివాను:

'ఖగరాజు నీ యానతి విని వేగ చనలేదో,
గగనాని కిలకు బహు దూరంబనినాడో.'

శ్రీకాకుళం ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. 'అంటే... గరుత్మంతుడు రానన్నాడా? ఆకాశం నించి భూమికి శానా దూరం అన్నాడా?'

'అని త్యాగరాజు అనుమానం.'

'మన ఆటోవాళ్లు మధురవాడ అంటే మొహం తిప్పుకున్నట్టు!'

కారంతా నవ్వు. 'మళ్లీ ఎయ్యండి' అన్నారు. మళ్లీ వేశాను. ఈసారి చరణం వచ్చేసరికి ముగ్గురూ కాచుకుని కూర్చున్నారు. 'గగనాని' దగ్గర గొంతు పైకి వెళ్తుంటే వెనక సీటు కుర్రాడు, 'అదిగో దూరం' అన్నాడు. పాట పూర్తయ్యేదాకా వేరే మాట లేదు.

అప్పటిదాకా 'ముందే వివరించకూడదు, చెవికి వదిలేయాలి' అన్నది నా రూలు. రాగం పేరు, తాళం పేరు చెప్పకపోవడం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. కానీ మాట వేరు. తెలుగు పాటే అయినా సాగదీసి పాడినప్పుడు మాట విరుగుతుంది, సగం పదం ఒక ఊపిరిలో, సగం ఇంకో ఊపిరిలో పడుతుంది, తెలుగువాడికే తెలుగు అందదు. ఒక్క వాక్యం ముందే చెవిలో ఉంటే ఆ ముక్కల్ని చెవే అతికించుకుంటుంది.

అందుకని మార్చింది: పాటకి ఒకే ఒక్క వాక్యం, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి డ్యాష్‌బోర్డుకి అంటించడం. అర్థం రాయను, వివరణ రాయను. తర్వాత ఒకసారి 'సాధించెనే'కి 'సమయానికి తగు మాటలాడెనె' అని రాసి పెడితే ఆ రోజంతా మా సెక్షన్‌లో అందరి మీదా అదే మాట వాడారు.

(నగుమోము గురించి ఒక తెలిసినాయన, త్యాగరాజు నాటి ఆభేరిలో (ఆ పాట రాగం) ఉన్నది శుద్ధ ధైవతమనీ ఇప్పుడు పాడేది చతుశ్రుతి ధైవతమనీ అరగంట చెప్పారు. నిజమే. ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఆ సంగతితో పనేమిటో నాకు అర్థం కాలేదు.)

ఇంకో కిటుకు అనుకోకుండా దొరికింది. అదే నగుమోము మాండలిన్ శ్రీనివాస్ వాయించినది రెండు రోజుల తర్వాత వేశాను. పాలకొల్లులో పుట్టిన కుర్రాడు, ఎలక్ట్రిక్ మాండలిన్‌కి అయిదు తీగలు పెట్టుకుని గమకాలు (స్వరాల ఊపులు) పలికించాడు. మాటలు తెలిసిన పాట కాబట్టి మాండలిన్ మీద కూడా మాటలే వినపడ్డాయి వాళ్లకి. వాద్యం ఒక్కటే వేస్తే మాట పడింది 1:50కి. గొంతులో విన్న పాటనే వాద్యంలో వేస్తే చివరిదాకా నిలిచింది. మూడు పాటలతో చూశాను, మూడింటికీ ఇదే జరిగింది.

మిగతావి గబగబా చెప్తాను. 'నానాటి బ్రతుకు నాటకము' నిలిచింది. రేవతి రాగంలో దాని బాణీ కట్టిన నేదునూరి కృష్ణమూర్తి గారు మన ఊళ్లోనే ఉండేవారు, 2014లో ఇక్కడే పోయారు అంటే కారులో ఎవరూ నమ్మలేదు. 'ఏ తీరుగ నను దయజూచెదవో' నిలిచింది. కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ మీద 'రఘువంశ సుధ' నిలిచింది, అందులో ఆశ్చర్యం లేదు, ఆ కదనకుతూహలం నడకకి ఎవరి కాలైనా ఆడుతుంది. చిట్టిబాబు గారి వీణ మీద 'కొమ్మలో కోయిల'. కోయిల కూత విని పెద్దవాళ్లు కూడా కిటికీ బయటికి చూశారు. ఇది కాస్త గారడీ అనేవాళ్లుంటారు, కానీ వీణ ఎంత మాట్లాడగలదో మొదటి రోజే చూపించేది ఇంకేదీ నాకు దొరకలేదు. 'బ్రోచేవారెవరురా' కూడా అప్పటికి నిలిచింది.

లెక్క: విన్నవి 27, నిలిచినవి 9, ఖర్చు 520.

దశ 4: వరస, ధ్వని, పెన్‌డ్రైవ్ (సెప్టెంబర్ మొదటి వారాలు)

ఈ దశలో సంగీతం లేదు, చిరాకే ఉంది.

పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే కారు స్టీరియో చదవలేదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే చదివింది. ఫైళ్ల పేర్లు తెలుగులో పెడితే తెర మీద డబ్బాలు వచ్చాయి, మొత్తం అంకెలు చేశాను. అంకెల ప్రకారం వరస వస్తుందనుకుంటే రాలేదు. ఏ ఫైలు ముందు కాపీ అయితే అది ముందు మోగింది. అందుకని ఒక్కొక్క ఫైలు వరసగా కాపీ చేయాల్సి వచ్చింది. వరస మార్చిన ప్రతిసారీ మొత్తం చెరిపి మళ్లీ ఇదే తంతు.

ధ్వని తేడా వల్ల ఒకరోజు నిజంగా ప్రమాదమే తప్పింది. పాత రేడియో రికార్డింగ్ వినపడక వాల్యూమ్ బాగా పెంచాం. అది అయిపోగానే షేక్ చినమౌలానా గారి నాదస్వరం అందుకుంది. నడిపే అతను ఉలిక్కిపడి బ్రేక్ వేశాడు. ఎంత బిగ్గరగా ఉన్నాయో కొలిస్తే (ఎల్‌యూఎఫ్‌ఎస్ అన్నది దాని కొలమానం) పాతది మైనస్ 27 ఎల్‌యూఎఫ్‌ఎస్, నాదస్వరం మైనస్ 9. పద్దెనిమిది డెసిబెల్స్ తేడా!

మొదట అన్నిటినీ మైనస్ 16కి తెచ్చాను. పాతదాన్ని 11 డెసిబెల్స్ పెంచేసరికి మృదంగం దెబ్బ దగ్గర శబ్దం చిట్లింది, హిస్ కూడా దాంతోపాటే పెరిగింది. మైనస్ 18కి తగ్గించాక చాలావరకు సర్దుకుంది. కారుకి ఇది సరిపోతుంది. ఫోన్ స్పీకర్ మీద వినేవాళ్లకి మాత్రం మృదంగం తొప్పి (ఎడమ వైపు), తంబురా దాదాపు వినపడవు, ఆ చిన్న స్పీకర్‌కి కింది స్థాయి పలకదు. దానికి మనం చేసేదేమీ లేదు, ఇయర్‌ఫోన్ పెట్టుకోమనడమే.

వరసలో చేసిన తప్పులు రెండు. ఒకటి, రాగం పట్టుబడుతుందని నాలుగు కల్యాణి రాగం పాటలు వరసగా పెట్టాను. 'ఒకే పాట తిప్పి తిప్పి వేశారేంటి సార్?' అన్నారు. అంటే రాగం పట్టుబడినట్టే, కానీ వాళ్లకది ఫిర్యాదు! రెండోది, ఒకటో శ్రుతిలో మగ గొంతు అయిన వెంటనే అయిదో శ్రుతిలో ఆడ గొంతు వస్తే చెవికి మెట్టు తప్పినట్టు ఉంటుంది. మధ్యలో ఆరు సెకన్ల నిశ్శబ్దం అతికించాను. మూడు సెకన్లు చాలలేదు, పది పెడితే 'ఆగిపోయిందా' అని బటన్ నొక్కారు.

లెక్క: పెన్‌డ్రైవ్ 380, ఆక్స్ కేబుల్ 150. మొత్తం ఖర్చు 1,050. పాటలు అవే 9.

దశ 5: అపార్ట్‌మెంట్ (సెప్టెంబర్ చివర, అక్టోబర్)

కారు కొలతలు కారుకే చెల్లుతాయేమో అని అనుమానం వచ్చింది. పక్క ఫ్లాట్ పిన్నిగారు, కింద ఫ్లాట్ రిటైర్డ్ మాస్టారు, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి. ముగ్గురికీ పదేసి రికార్డింగులు, అందులో ఒకటి దశ 1లో పోయిన ద్వారం వారిది.

పిన్నిగారు మొదటే చెప్పేశారు: 'నాకివన్నీ తెలీవు బాబూ, నేను క్లాసికల్ విననే వినను.' ఆవిడింట్లో రోజూ తెల్లవారుజామున అయిదున్నరకి ఎం.ఎస్. గారి వేంకటేశ్వర సుప్రభాతం మోగుతుంది, 1963లో వచ్చిన రికార్డు. మా గోడకి అటువైపే. ఆ మాటంటే, 'అది సుప్రభాతం కదా, సంగీతమెలా అవుతుంది?' అన్నారు. ఏళ్ల తరబడి ఆ గొంతు విన్న చెవి ఆవిడది. ఆవిడకి ఎం.ఎస్. గారివి ఏవి పెట్టినా మొదటిసారే అందాయి. కాబట్టి కొత్త శ్రోత అని మీరనుకునే మనిషి ఇంట్లో రోజూ ఏం మోగుతోందో ముందు కనుక్కోండి. నాకిది అయిదో నెలలో తట్టింది.

'బ్రోచేవారెవరురా' ఇక్కడ పోయింది. అందరికీ సినిమాలో తెలిసిన పాట, అదే దాని బలం అనుకున్నాను. మాస్టారు సగంలో, 'సినిమాలో ఉన్నట్టు లేదే' అని పెదవి విరిచారు. తెలిసిన పాటకి తెలిసిన గొంతు కావాలి, లేకపోతే అది తప్పు పాడినట్టే వినపడుతుంది. తీసేశాను.

మా అమ్మాయి నా రూల్స్‌ని ఒక్క సాయంత్రంలో తిరగేసింది. నేను జాగ్రత్తగా కత్తిరించి పారేసిన తని ఆవర్తనం (తాళవాద్యాలే వాయించే భాగం) ముక్క కంప్యూటర్‌లో ఎక్కడో ఉంటే వింది. 'నాన్నా, ఈ డ్రమ్స్ బిట్ ఎందుకు తీసేశావు? అసలు బాగున్నదే అది.' మృదంగం, ఘటం ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే నాలుగు నిమిషాలు. మాటల్లేవు, స్వరాల్లేవు, నా నాలుగు రూల్స్‌లో రెండిటికి విరుద్ధం. కారులో వేస్తే వెనక సీటు కుర్రాడు డోర్ మీద తాళం వేస్తూ గాజువాక దాకా వచ్చాడు. అది జాబితాలోకి ఎక్కింది.

ద్వారం వారి రికార్డు కూడా తనే గెలిపించింది. రాత్రిపూట, హెడ్‌ఫోన్‌లో, లైటు తీసి వింది. 'మొదట్లో వాన పడుతున్నట్టుంది, కాసేపటికి వాన వినపడటం మానేసింది' అంది. అందుకే జాబితాలో దాని పక్కన 'కారులో వద్దు' అని రాశాను.

ఈ విడతలో చేరినవి: సాధించెనే, వాతాపి గణపతిం, చినమౌలానా నాదస్వరం (ధ్వని సర్దాక), లాల్గుడి జయరామన్ గారి తిల్లానా ఒకటి, తని ముక్క, ద్వారం. రామనాథన్ గారు మళ్లీ పోయారు. ఆయన్ని నా సొంత జాబితాలో పెట్టుకున్నాను, ఎవరితోనూ వాదన పెట్టుకోను.

లెక్క: విన్నవి 36 (ద్వారం రెండోసారి లెక్కలేదు), నిలిచినవి 14, ఖర్చు 1,050.

దశ 6: పంచడం (నవంబర్)

శ్రీకాకుళం ఆయన వాళ్ల బంధువులకి పెన్‌డ్రైవ్ కాపీ అడిగారు. అక్కడ ఆగాను. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. త్యాగరాజు కృతి అందరిదీ కావచ్చు కానీ దాన్ని పాడిన రికార్డు కంపెనీది. నా జాబితాలో పాత 78లు తప్ప ఎక్కువభాగం ఆ గడువు లోపలివే. కాబట్టి ఫైళ్లు పంచడం లేదు, కాగితం పంచుతున్నాను: పాట, పాడిన వారు, చీటీ వాక్యం, ఎక్కడ వినాలి (కారు, ఇల్లు, హెడ్‌ఫోన్). నెట్‌లో వెతుక్కోవడం వాళ్ల పని. ప్రింట్‌లకి 60 రూపాయలు.

కాగితం మీద వరస మొదటి అయిదు ఇలా: పలుకే బంగారమాయెనా, నానాటి బ్రతుకు, నగుమోము, అదే మాండలిన్ మీద, తని ముక్క. ఈ అయిదూ దాటినవాళ్లకే మిగతావి. ఎవరైనా మూడో దగ్గర ఆగిపోతే వాళ్లని కదపకండి, నెల తర్వాత చూడొచ్చు. పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీకి వస్తారా అని తొందరపడి ఒకరిని అడిగాను. రెండున్నర గంటలని తెలిసి ఆయన రెండు వారాలు నా కారే ఎక్కలేదు.

చివరి విడత 5 విన్నాం, రెండు నిలిచాయి. ఒకటి ఎందరో మహానుభావులు. రెండోది 'చక్కని రాజమార్గములుండగ', చిన్న ఆలాపనతో 11 నిమిషాలు, నా ఎనిమిది నిమిషాల రూలు దాటిన మొదటి పాట. చీటీ మీద రాసింది: 'సందుల దూరనేల ఓ మనసా.'

లెక్క: విన్నవి 41, నిలిచినవి 16, ఖర్చు 1,110.

ఇరవై కాలేదు. మిగతా నాలుగు ఇరికించడానికి రెండు వారాలు చూసి మానుకున్నాను. డెక్ బెల్టు మళ్లీ జారుతోంది, అది వేరే పని.

ఆ 11 నిమిషాల పాట మొదటిసారి వేసిన రోజు శ్రీకాకుళం ఆయన నడుపుతున్నారు. గాజువాక ముందు హైవే మీద లారీలు ఆగిపోయి ఉన్నాయి. ఆయన ఎడమకి తిప్పి ఒక సందులోకి దూరారు. సరిగ్గా అప్పుడే పల్లవి రెండోసారి వచ్చింది. వెనక సీట్లోంచి కుర్రాడు చీటీ చూసి, 'సందుల దూరనేల అంటున్నారండీ' అన్నాడు. 'రాజమార్గం అంతా లారీలే కదేటి' అన్నారాయన, ఆ సందులో సగం దూరం వెళ్లాక ఎదురుగా పెళ్లి పందిరి. వెనక్కి తీయడానికి పావుగంట పట్టింది, పాట రెండుసార్లు తిరిగింది.

మాట పడిన నిమిషం 4:20. కానీ పడిన మాట పాటలోదే. దాన్ని ఏ గడిలో రాయాలో తేలక పట్టికలో ఖాళీగా వదిలేశాను.